తుపాను కాలానికి ఇంట్లో ఏ తిండి నిల్వ పెట్టుకోవాలి

అమ్మా, మీరు ఒడిశాలోని బరంపురం నుంచి అడిగిన ప్రశ్న ఇది. ఇంట్లో మీరిద్దరూ, అత్తమామలూ, ఎనిమిదేళ్ల పాప, పది నెలల బాబు ఉన్నారు. మామగారికి చక్కెర వ్యాధి, అత్తగారికి రక్తపోటు. తుపాను వచ్చి దారులు మూసుకుపోతే పది రోజులు గడిచేటట్టు తిండి సమకూర్చుకోవాలనుకుంటున్నారు. ఇరవై అయిదేళ్లు చెడవని చెప్పే విదేశీ డబ్బాలు తెప్పించుకోవాలా, లేక మన కిరాణా దుకాణంలో దొరికే సరుకులతోనే సరిపెట్టుకోవచ్చా అన్నది మీ సందేహం. నేను పర్లాకిమిడిలో ఉంటాను. ఉద్యోగ జీవితమంతా ధాన్యం గిడ్డంగుల్లో సరుకు నాణ్యత చూసే పనిలోనే గడిచింది కనుక, తెలిసినంత వరకు వివరంగా చెబుతాను.

ఆ డబ్బాలు మీకు అవసరం లేదు. మన తుపానులు ఎక్కువగా అక్టోబరు, నవంబరు నెలల్లోనూ, కొన్ని మే నెలలోనూ వస్తాయి. కాబట్టి మీకు కావలసింది పాతికేళ్లు నిలిచే తిండి కాదు. వేసవిలో నింపితే సంక్రాంతి దాకా చెడకుండా ఉండి, ఆ తర్వాత ఇంట్లోవాళ్లే రోజూ తిని ఖాళీ చేయగలిగిన తిండి కావాలి. పైగా ఆ పాతికేళ్ల, ముప్పై ఏళ్ల లెక్కలు 24 డిగ్రీలు దాటని చల్లని, పొడి గదుల్లో, గాలి తీసేసిన డబ్బాలలో ఉంచిన సరుకులకు వేసినవి. మన ఇళ్లలో వేసవిలో వేడి ఎంత ఉంటుందో, వానాకాలంలో గాలిలో తేమ 80 శాతం దాటే రోజులు ఎన్ని ఉంటాయో మీకు తెలుసు. విత్తనాల నిల్వకు ఒక పాత లెక్క ఉంది: గింజలో తేమ ఒక శాతం తగ్గినా, నిల్వ ఉంచిన చోట వేడి అయిదారు డిగ్రీలు తగ్గినా దాని ఆయుష్షు రెట్టింపవుతుంది. ఆ లెక్కను తిరగవేసి చూస్తే, చల్లని దేశంలో పాతికేళ్లు ఉండే సరుకు మన దగ్గర ఎందుకు అన్నాళ్లు ఉండదో అర్థమవుతుంది.

తిండి చెడడానికి కారణాలు ముఖ్యంగా మూడు. ఒకటి తేమ, దానివల్ల బూజు పడుతుంది, పురుగు పెరుగుతుంది. రెండవది సరుకులో ఉండే నూనె, అది గాలి తగిలి మక్కు వాసన వేస్తుంది. మూడవది వేడి, ఇది మొదటి రెండింటినీ తొందరపెడుతుంది. ఏ సరుకు చేతికి తీసుకున్నా ఇందులో తేమ ఎంత, నూనె ఎంత అని అడిగితే అది ఎన్నాళ్లు ఉంటుందో ముప్పాతిక వంతు తెలిసిపోతుంది. పంచదార, ఉప్పు, తెల్ల బియ్యం ఎక్కువ కాలం నిలవడానికీ, పిండ్లు, వేరుశనగ పలుకులు, దంపుడు బియ్యం త్వరగా చెడడానికీ ఇదే కారణం.

అయితే ఎన్నాళ్లు ఉంటుంది అన్న ప్రశ్నకంటే ముందు వేసుకోవలసిన ప్రశ్న ఒకటి ఉంది. తుపాను మర్నాడు మీ వంటిల్లు ఏ స్థితిలో ఉంటుంది? 1999 అక్టోబరు 17న గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన తుపాను, 2013 అక్టోబరు 12 రాత్రి అక్కడే గంటకు 200 కిలోమీటర్లకు పైబడిన గాలితో దాటిన ఫైలిన్, 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర దాటిన తిత్లీ, 2021 సెప్టెంబరు 26న కళింగపట్నం వైపు దాటిన గులాబ్ చూసినవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు. కరెంటు స్తంభాలు పడిపోతాయి, మోటారు తిరగదు, మిక్సీ తిరగదు, పిండిమర మూతపడుతుంది. తిత్లీ అప్పుడు గజపతి జిల్లా కొండల్లో చరియలు విరిగిపడ్డాయి, వంశధార, మహేంద్రతనయ పొంగాయి, ఉద్దానంలో కొన్ని ఊళ్లకు చాలా రోజులు కరెంటు రాలేదు. బయట ఉన్న కట్టెలన్నీ తడిసి ఉంటాయి, గ్యాసు బండి ఎప్పుడొస్తుందో తెలియదు. అందుచేత పది రోజుల తిండిని నిప్పు ఆధారంగా మూడు వంతులుగా విడదీయండి. మొదటి మూడు రోజులకు పొయ్యి వెలిగించకుండానే తినగలిగినవి, తర్వాతి మూడు నాలుగు రోజులకు కొద్ది మంటతో ఉడికేవి, చివరి రోజులకు మామూలు వంటకు పనికొచ్చేవి ఉండాలి.

మొదటి వంతులో అటుకులకు సాటి వచ్చేది లేదు. ఒడిశాలో తుపాను సహాయం కింద పంచే పొడి తిండి అంటే అటుకులు, బెల్లమే. వడ్లను నానబెట్టి, వేయించి, దంచి చేస్తారు కాబట్టి అటుకులు అప్పటికే ఉడికినవాటితో సమానం, తడిపితే చాలు తినవచ్చు. పల్చని అటుకులు కొద్ది నీటిలో వెంటనే మెత్తబడతాయి, మందపువాటికి కొంత సమయం పడుతుంది కాని విరగకుండా ఎక్కువ నిలుస్తాయి. రెండూ చెరి సగం ఉంచుకోండి. అటుకులలో కొంత తవుడు మిగిలి ఉంటుంది, ఎర్ర అటుకులలో ఇంకా ఎక్కువ, కనుక మూడు నాలుగు నెలల తర్వాత వాసన చూసి వాడాలి. పాత నూనె వాసన వస్తే వాటిని వదిలెయ్యండి. మరొక్క మాట: అటుకులను ఉడకబెట్టకుండా తింటాం కాబట్టి, తడిపే నీళ్లు కాచి చల్లార్చినవి గాని, క్లోరిన్ బిళ్ల వేసినవి గాని అయి తీరాలి. తుపాను తర్వాత విరేచనాలు నీటి ద్వారానే వ్యాపిస్తాయి.

అటుకులతో పాటు పుట్నాల పప్పు తప్పనిసరి. నిప్పు లేకుండా మాంసకృత్తులు దొరికే తిండి మనకు చాలా తక్కువ, అందులో ఇదే చవకైనది. మీరు బరంపురంలో ఉన్నారు కాబట్టి ఛతువా బాగా ఎరిగే ఉంటారు. వేయించిన శనగలు, గింజలు కలిపి విసిరిన ఆ పిండిని నీళ్లు, బెల్లంతో కలిపితే పిల్లలకూ ముసలివారికీ కడుపు నిండుతుంది. కాని అది పిండి కాబట్టి నెలా రెండు నెలలకు మించి ఉంచవద్దు, సెప్టెంబరు చివరలో కొత్తగా చేయించుకోండి. మరమరాలు మన పిల్లలకు ఎంత ఇష్టమైనా పెద్ద డబ్బా నిండా పోసినా బరువు తూగవు, వానగాలికి గంటలో మెత్తబడతాయి. వాటిని ఆకలి తీర్చే సరుకుగా లెక్కలో వేసుకోకండి. దసరాకు చేసుకునే జంతికలు, చెక్కలు ఆ రోజుల్లో ఇంట్లో ఎలాగూ ఉంటాయి, ఫైలిన్ వచ్చింది కూడా దసరా రోజుల్లోనే. అవి మూడు నాలుగు వారాలు బాగుంటాయి, ఆ తర్వాత వాటిలోని నూనె పాడవుతుంది. బిస్కెట్లు, గది వేడిలో నిలిచే పెట్టె పాలు, ఖర్జూరాలు, కొబ్బరికాయలు ఈ వంతులోకే వస్తాయి.

ఇప్పుడు పరిమాణం. సహాయ చర్యలు చేపట్టే సంస్థలు మనిషికి రోజుకు సగటున 2,100 కిలోకేలరీలు లెక్క కడతాయి. బియ్యం గాని అటుకులు గాని 400 గ్రాములు, పప్పు 75 గ్రాములు, నూనె 30 గ్రాములు, బెల్లం లేదా పంచదార 30 గ్రాములు, దానిపై గుప్పెడు వేరుశనగలో పుట్నాలో ఉంటే ఆ లెక్క తీరుతుంది. మీ బాబును పక్కన పెట్టి, పాపను కూడా పెద్దవారితో సమానంగా వేసుకుంటే, అయిదుగురికి పది రోజులకు గింజ సరుకు 20 కిలోలు (అందులో నాలుగు కిలోలు అటుకులు), పప్పులు నాలుగు కిలోలు, నూనె ఒకటిన్నర కిలో, బెల్లం పంచదార కలిపి ఒకటిన్నర కిలో అవుతాయి. నీళ్లు తాగడానికీ వంటకూ కలిపి మనిషికి రోజుకు కనీసం నాలుగు లీటర్లు. మొదటి నాలుగు రోజులకు మీ ఆరుగురికీ సుమారు 100 లీటర్లు, మూత ఉన్న పాత్రల్లో, హెచ్చరిక వచ్చిన రోజునే పట్టి ఉంచాలి. నీళ్లు లేకపోతే పైన చెప్పిన గింజలు ఏవీ అక్కరకు రావు, కాబట్టి సరుకులకంటే ముందు దీనినే చూసుకోండి.

బియ్యం విషయంలో మొదట చూడవలసింది పాతదా కొత్తదా అన్నది. కొత్త బియ్యంలో తేమ ఎక్కువ. ప్రభుత్వ సేకరణలో వడ్లకు 17 శాతం, బియ్యానికి 14 శాతం తేమ హద్దుగా పెడతారు, ఇంట్లో నెలల తరబడి దాచే బియ్యానికి 12, 13 శాతం ఉంటే మంచిది. దీనికి మీటరు అక్కరలేదు. బాగా ఎండిన గాజు సీసాలో కొన్ని బియ్యం, రెండు చెంచాల పొడి ఉప్పు వేసి మూత బిగించి రెండు మూడు నిమిషాలు కుదిపి చూడండి. ఉప్పు సీసా గోడలకు అంటుకుంటే తేమ 15 శాతం దాటినట్టు, అంటకుండా అడుగుకు జారితే నిల్వకు పనికొస్తుంది. గింజను పంటితో కొరికితే టక్కున విరగాలి. మంచి బియ్యం కొని గోనె సంచిలోనే వదిలేస్తే ఆ శ్రమ వృథా. గాలిలో తేమ 80 శాతం ఉన్నప్పుడు బియ్యం తనంతట తానే ఆ తేమను పీల్చుకుని 15 శాతం దాకా చేరుకుంటుంది. మిల్లు బియ్యాన్ని మిట్టమధ్యాహ్నపు ఎండలో పోస్తే గింజ చిట్లి నూకవుతుంది, నీడలో ఆరబెట్టి, పూర్తిగా చల్లారిన తర్వాతే డబ్బాలో పోయాలి. వేడి మీద మూత పెడితే లోపల చెమ్మ పడుతుంది.

ఉప్పుడు బియ్యం మీ ఇంట్లో తింటే అదే ఉంచుకోండి. గింజ గట్టిగా ఉండడం వల్ల పురుగు కొంత తక్కువ పడుతుంది. అన్నం ఒకేసారి వండి, మిగిలిన దానిలో కాచి చల్లార్చిన నీళ్లు పోసి మర్నాడు చద్దన్నంగా తినడం ఒడిశా ఇళ్లలోనూ మన ఇళ్లలోనూ ఉన్న అలవాటే. అది పొయ్యి వెలిగించే పూటలను సగానికి తగ్గిస్తుంది. మామగారి కోసం దంపుడు బియ్యం వాడుతున్నారేమో, అది తవుడులోని నూనె వల్ల నెలల్లోనే మక్కిపోతుంది, ఎప్పటికప్పుడు తెచ్చుకోవలసిందే కాని నిల్వకు పనికిరాదు.

నిల్వకు నేను అన్నిటికన్నా ఎక్కువగా నమ్మే గింజ చోళ్లు, అంటే రాగులు. గింజ చిన్నది, గట్టిది, పురుగు దాదాపు పట్టదు, ఎండబెట్టి మూత పెడితే ఏళ్ల తరబడి ఉంటుంది. కొరాపుట్, రాయగడ కొండల్లో ఇంటింటా ఉండే పంట ఇది. 2017లో ఒడిశా ప్రభుత్వం చిరుధాన్యాల కార్యక్రమం మొదలుపెట్టాక పట్టణాల్లోనూ తేలికగా దొరుకుతోంది. బియ్యపు అన్నంతో పోలిస్తే మామగారికి కూడా ఇది అనుకూలమే, ఎంత తినాలన్నది మాత్రం వైద్యుడు చెప్పిన ప్రకారం. ఒక్కటే చిక్కు: కరెంటు లేనప్పుడు చోళ్లను పిండి చేయాలంటే తిరగలి ఉండాలి. తిరగలి లేని ఇంట్లో అక్టోబరు ముందు రెండు మూడు కిలోలు మర పట్టించి, మిగిలినవి గింజలుగానే ఉంచండి. పిండి రెండు మూడు నెలలే బాగుంటుంది.

పప్పులలో కందిపప్పు మన నాలుకకు ఎంత అలవాటైనా, నిల్వలో సగం పైగా పెసరపప్పు ఉండాలని నా అభిప్రాయం. అది తక్కువ మంటతో త్వరగా ఉడుకుతుంది. పప్పు గింజలు వేడి, తేమ ఉన్న చోట ఏడాదికి పైగా ఉంటే గట్టిపడి, ఎంతసేపు కాచినా మెత్తబడవు. తినడానికి చెడిపోలేదు సరే, కాని గ్యాసు కరువైన రోజున గంటసేపు మంట తినే పప్పు చెడిన దానితో సమానమే. ఉడికించేముందు నానబెట్టడం, ప్రెషర్ కుక్కరు వాడడం, మంట ఆర్పిన తర్వాత మూత తీయకుండా వదిలేయడం వంటి చిన్న పద్ధతులతో చాలా గ్యాసు మిగులుతుంది.

పురుగు గురించి కొంచెం ఎక్కువగా చెప్పాలి, ఎందుకంటే దీని దగ్గరే ప్రమాదకరమైన పనులు జరుగుతున్నాయి. బియ్యంలో ముక్కు పురుగు మన వేడికి ఇంచుమించు నెల రోజుల్లో ఒక తరం పూర్తి చేస్తుంది. పప్పు పురుగు గుండు గింజల మీద గుడ్లు పెడుతుంది, అందుకే పప్పుకంటే గుండు పెసలు, గుండు కందులు త్వరగా పుచ్చుతాయి. గింజలకు కిలోకు ఒక చెంచా చొప్పున ఆముదం పట్టించే మన పాత పద్ధతి నిజంగా పనిచేస్తుంది: నూనె పూత మీద పురుగు గుడ్లు సరిగా పెట్టలేదు, పెట్టినవి బతకవు. కొద్దిపాటి సరుకైతే గట్టి మూత డబ్బాలో పోసి, డీప్ ఫ్రీజరులో నాలుగు రోజులు ఉంచితే గుడ్లు సహా చస్తాయి. బయటికి తీశాక గది వేడికి వచ్చేదాకా మూత తీయకూడదు. పెద్ద పరిమాణానికి గాలి చొరని మూత ఉన్న చిన్న డ్రమ్ములను అంచు దాకా నింపి మూసేయండి, లోపలి పురుగులు ఉన్న ప్రాణవాయువును వాడేసుకుని అవే చస్తాయి. అందుకే ఆ డ్రమ్ములను మాటిమాటికీ తెరవకూడదు, రోజువారీ వాడకానికి వేరే డబ్బా పెట్టుకోండి. వేపాకు వేయదలిస్తే గలగలలాడేలా ఎండినదే వేయాలి, పచ్చి ఆకు వేస్తే దాని చెమ్మతో బియ్యానికే బూజు పడుతుంది.

బోరిక్ పౌడరు కలపడం మన వైపు చాలా ఇళ్లలో ఉంది. దయచేసి మానేయండి. అది ఆహారంలో కలపడానికి అనుమతి ఉన్న పదార్థం కాదు, కడిగితే పూర్తిగా పోతుందన్న భరోసా లేదు, ఇంట్లో పది నెలల పసివాడు ఉన్నాడు. గిడ్డంగుల్లో వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలను ఎవరైనా తెచ్చి ఇస్తామంటే ఇంట్లో అడుగు పెట్టనివ్వకండి. తేమ తగలగానే అవి ఫాస్ఫీన్ అనే విషవాయువును వదులుతాయి, దానికి విరుగుడు మందు లేదు. మూసిన గదిలో నిద్రపోతున్న కుటుంబాన్ని మొత్తం తీసుకుపోగల విషం అది. మా గిడ్డంగుల్లో శిక్షణ ఉన్నవారు తప్ప మరొకరు దాన్ని ముట్టుకునేవారు కారు.

వేరుశనగ కాయల రూపంలో ఉంటే నెలలు నిలుస్తుంది, పలుకులుగా కొంటే త్వరగా మక్కుతుంది. ముడుచుకున్నవి, రంగు మారినవి, బూజు పట్టినవి ఒక్కొక్కటీ ఏరి పారేయండి. వాటిలో పుట్టే అఫ్లటాక్సిన్ కాలేయానికి చేటు చేసే విషం, వేయించినా ఉడికించినా పూర్తిగా పోదు. పలాస జీడిపప్పు మంచి బలమే, కాని అదీ నూనె గింజే కనుక సీలు విప్పని ప్యాకెట్లుగా కొద్దిగానే ఉంచుకోండి. నూనె లీటరు ప్యాకెట్లలో తీసుకుని వెలుతురు తగలని చోట పెట్టండి, అయిదు లీటర్ల క్యాను విప్పితే మిగతా నూనెకు రోజూ గాలి తగులుతుంది. నీటి తడి లేని చోట గట్టి మూతతో ఉంచిన నెయ్యి నూనెకంటే నమ్మకమైనది. బెల్లం వానాకాలంలో చెమర్చి కారుతుంది, బూజు కూడా పడుతుంది. గట్టి అచ్చు బెల్లం తీసుకుని కాగితంలో చుట్టి గాలి చొరని డబ్బాలో పెట్టండి. సగం పంచదారగా ఉంచుకుంటే ఆ బెంగ ఉండదు.

కూరల మాట చాలామంది మరచిపోతారు. దెబ్బ తగలని, తొడిమ ఊడని బూడిద గుమ్మడికాయ, పండిన తీపి గుమ్మడికాయ ఫ్రిజ్ లేకుండా రెండు మూడు నెలలు ఉంటాయి. కంద, చేమదుంపలు వారాల తరబడి ఉంటాయి. ఉల్లిపాయలనూ బంగాళాదుంపలనూ ఒకే బుట్టలో పోయకుండా, గాలి ఆడే చోట వేర్వేరుగా ఉంచండి. వడియాలు, ఎండు ఉసిరి, చింతపండు, మామిడి తాండ్ర నోటికి రుచి ఇస్తాయి. ఆవకాయ, ఊరమిరపకాయలు, ఎండు చేపలు నెలల తరబడి ఉంటాయి కాబట్టి అవే ప్రధాన ఆధారం అనుకునే ఇళ్లున్నాయి. ఉప్పు ఎక్కువ తింటే దాహం ఎక్కువవుతుంది, తాగునీరు కొలిచి వాడుకునే రోజుల్లో ఇది పెద్ద ఇబ్బంది. అత్తగారికైతే రక్తపోటు దృష్ట్యా అసలు మంచిది కాదు, ఆమె కోసం చింతపండు, నిమ్మ, ఎండు ఉసిరితో పులుపు చేసుకోండి. మీ పుట్టిల్లు ఉద్దానంలోని కవిటి వైపు అని రాశారు. ఉద్దానంలో మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి ఉప్పు, పప్పు, కొబ్బరినీళ్లు అన్నిటికీ హద్దులుంటాయి. అక్కడి బంధువులకు ఈ నిల్వ చెప్పేముందు వారిని చూసే వైద్యుడిని అడిగించండి.

మామగారికి ముఖ్యమైనది వేళకు తినడం. మాత్రలు గాని ఇన్సులిన్ గాని వేసుకుని తిండి ఆలస్యమైతే చక్కెర పడిపోతుంది. అందుకని ఆయన మంచం దగ్గర పుట్నాలు, బిస్కెట్లతో పాటు నాలుగు చెంచాల పంచదార చిన్న సీసాలో ఉండాలి. మందులు కూడా పది రోజులకు మించి ఉండేలా చూసుకోండి.

బాబు సంగతి. తల్లిపాలు ఇస్తుంటే ఆ రోజుల్లో అస్సలు ఆపవద్దు, దానికి మించిన శుభ్రమైన తిండి లేదు. మీరు కడుపునిండా తిని, నీళ్లు తాగడం కూడా అందులో భాగమే. బియ్యం, పెసరపప్పు వేయించి విసిరిన ఉగ్గు పిండి నెలకు సరిపడా చేసి పెట్టండి. పాలపొడి వాడవలసి వస్తే చిన్న ప్యాకెట్లే కొనండి, విప్పిన పొడి మన గాలికి కొద్ది వారాల్లోనే గడ్డకడుతుంది. కాచిన నీళ్లతో, అప్పటికప్పుడు, సీసాకు బదులు గిన్నె చెంచాతో పట్టండి, సీసా పీకను ఆ పరిస్థితుల్లో శుభ్రం చేయడం కష్టం. గది వేడిలో నిలిచే పెట్టె పాలు పెద్దవారి టీకి, పాపకు బాగా ఉపయోగపడతాయి, విప్పిన పెట్టెను ఆ పూటే ముగించాలి. ఏడాది నిండని బిడ్డకు తేనె నాకించవద్దు. ఓఆర్ఎస్ ప్యాకెట్లు పది ఉంచండి. అవి అయిపోతే కాచి చల్లార్చిన లీటరు నీటిలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, టీ చెంచాతో తలగొట్టి కొలిచి కలపాలి, ఉప్పు ఎంతమాత్రం ఎక్కువ కాకూడదు.

డబ్బాల ఎంపికలో చాలామంది ఒకే పెద్ద డ్రమ్ము కొంటారు. మీరు అలా చేయకండి. నేల మీద పెడితే వరద నీళ్లు వస్తాయి, అటక మీద పెడితే, ముఖ్యంగా పైన రేకులుంటే, వేసవంతా ఆ వేడికి సరుకు ఉడికిపోతుంది. కాబట్టి మామూలు రోజుల్లో ఇంటి మధ్య గదిలో, గోడకు జానెడు దూరంగా, చెక్క దిమ్మెల మీద ఉంచి, తుపాను హెచ్చరిక రాగానే శ్లాబు కింద ఉన్న ఎత్తైన చోటికి ఎక్కించాలి. అలా ఎక్కించాలంటే ఒక్కొక్క డబ్బా ఒక మనిషి ఒంటరిగా ఎత్తగలిగినంతే, అంటే అయిదారు కిలోలే ఉండాలి. స్టీలు డబ్బాలు మంచివి, ఎలుక కొరకలేదు. ప్లాస్టిక్ డ్రమ్ములైతే తిండి సరుకుల కోసం తయారైనవే కొనండి, రంగులు, రసాయనాలు వచ్చిన పాత డ్రమ్ములు ఎంత కడిగినా పనికిరావు. రేకు డబ్బాల తిండి మన ఉప్పుగాలికి అతుకుల దగ్గర తుప్పు పడుతుంది, అందుకే నేను వాటిని ఎక్కువగా సిఫారసు చేయను.

మే నెలలో పాత బియ్యం, పప్పులు, చోళ్లు ఆరబెట్టి నింపండి. సెప్టెంబరు చివరి వారంలో అటుకులు, పిండ్లు, ఛతువా, నూనె, గుమ్మడికాయలు, పాలపొడి చేర్చండి. ప్రతి డబ్బా మీద నింపిన నెల రాసి అతికించండి. కార్తీకం వెళ్లగానే ఆ సరుకునే రోజువారీ వంటకు తీస్తూ, సంక్రాంతికి డబ్బాలన్నీ ఖాళీ చేసి, కడిగి, ఎండబెట్టండి. ఇంట్లోవాళ్లు మామూలు రోజుల్లో తినని వస్తువు ఏదీ ఈ నిల్వలో ఉండకూడదు, ఎందుకంటే అది ఖాళీ కాదు, ఖాళీ కానిది ఏ మూలనో పురుగు పట్టి మిగతా సరుకంతటికీ అంటిస్తుంది.

చివరగా, వరద నీళ్లు తాకిన సరుకు గురించి. గోనె సంచుల్లో, కాగితపు పొట్లాల్లో, పల్చని ప్లాస్టిక్ కవర్లలో ఉన్నది ఏదైనా ఆ నీటిలో మునిగితే వదిలేయవలసిందే, కడిగి ఎండబెట్టి తినడం కుదరదు. సీలు చెడని రేకు డబ్బాలను మాత్రం సబ్బు నీటితో, ఆపై బ్లీచింగ్ పౌడరు కలిపిన నీటితో పైపైన శుభ్రం చేసి వాడుకోవచ్చు, ఉబ్బినవి, కారుతున్నవి విప్పకుండానే పారేయాలి. తడిసి బూజు పట్టిన బియ్యాన్ని ఆవుకో కోళ్లకో పెడదామనిపిస్తుంది, అదీ వద్దు. ఆ బూజు విషం పశువుల పాలలోకి వస్తుంది, ఆ పాలు తిరిగి మీ పాపకే చేరతాయి. దానిని బావికీ బోరుకూ దూరంగా గొయ్యి తీసి పూడ్చిపెట్టించండి.